చేయి ఆగిన చోటు

సినిమా బాగుందో లేదో తేల్చడానికి మా ఇంట్లో ఒకటే కొలత ఉండేది. చేయి ఎన్నిసార్లు ఆగింది అని. బీడీలు చేసే ఆడవాళ్ళ చేయి మామూలుగా ఆగదు. పొయ్యి మీద పాలు పొంగినా, గడప ముందు చుట్టం నిలబడి పలకరించినా, ఒళ్ళో చేట, చేటలో తంబాకు, వేళ్ళ మధ్య తునికాకు, ఆ పని అట్లా సాగుతూనే ఉంటుంది. నోరు మాట్లాడుతుంది, చెవి వింటుంది, కళ్ళు అవసరం ఉన్నప్పుడు ఆకు మీదికి వచ్చి పోతుంటాయి. అట్లాంటి చేయి ఆగిందంటే తెర మీద ఏదో నిజంగా జరిగినట్టే. ఈ కొలత కనిపెట్టింది నేను కాదు, మా అక్క.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. మా ఆయన అన్న భార్య. ఆర్మూర్ పక్కన పెర్కిట్‌లో మాది ఒకే ఇల్లు, రెండు పొయ్యిలు, ఇద్దరికీ కలిపి ఒక వరండా. బావ లారీ నడిపేవాడు, లారీ మీదే పోయాడు. ఒక్కగానొక్క ఆడబిడ్డను అక్క పోచంపాడ్ ఇచ్చి పెళ్ళి చేసింది. నాకు పిల్లలు కాలేదు. అది వేరే కథ, ఇక్కడ దాని పని లేదు. మా ఆయన పసుపు మిల్లులో బస్తాలు మోస్తాడు, చీకటితో పోయి చీకటితో వస్తాడు, టీవీ ముందు కూర్చుంటే పేర్లు పడేలోపే గురక పెడతాడు. కాబట్టి పొద్దంతా ఆ వరండాలో నేనూ అక్కే. పద్నాలుగేళ్ళు అట్లా గడిచాయి.

ఆ కొలతను మరీ ఎక్కువ నమ్మి నేను చేసిన ఒక తప్పు వల్ల ఇప్పుడు ఆ వరండాలో నేను ఒక్కదాన్నే ఉన్నాను. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. కానీ ముందు సినిమాల సంగతి చెప్పకపోతే మిగతాది ఎవరికీ అర్థం కాదు.

మాకు ఈ సినిమాల పిచ్చి రిమోట్ పాడవడం వల్ల పట్టింది. ఒక ఎండాకాలం, ముందు గదిలో వరండాలోకి కనబడేట్టు పెట్టిన మా టీవీ ఒకే ఛానల్ మీద ఇరుక్కుపోయింది. అందులో మధ్యాహ్నం పూట ఇంగ్లీషు సినిమాలు తెలుగు మాటలతో వేసేవాళ్ళు. మొదటి రోజు అక్క తిట్టింది. రెండో రోజు, "గా ఇనుప మనిషి నిన్న సచ్చిండు గద, మళ్ల ఎట్ల లేశిండు?" అని అడిగింది. నిన్నటిది వేరే సినిమా అని చెప్పాను. మూడో రోజు నాకంటే ముందే చేట తెచ్చుకుని కూర్చుంది. నాలుగో రోజు మా ఆయన కొత్త రిమోట్ తెస్తే దాన్ని నేను బియ్యం డబ్బా వెనక పెట్టాను.

వాడకట్టులో మిగతా అందరిళ్ళలో సీరియళ్ళు. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు మా వరండాలో మాత్రం తుపాకులు, రాకెట్లు, పేలుళ్ళు. పక్కింటామె ఆకు కట్ట చంకన పెట్టుకుని పోతూ పోతూ ఆగేది.

"గీ మిషన్లు కొట్టుకునుడు ఏం జూస్తరే మీరు? ఏడుపుందా అండ్ల, ఎత్తిపొడుపుందా?"

"మీ సీరియల్ల కోడలు ఏడాది సంది ఒక్కటే మెట్టు దిగుతుంది. మా దాంట్ల గంటకు రెండు భూములు ఖతమైతయ్" అనేది అక్క.

పుస్తకాలు చదివేవాళ్ళు వీటిని సైన్స్ ఫిక్షన్ అంటారని నాకు తర్వాత తెలిసింది. నేను పదో తరగతి దాకా చదివాను. తంబాకు చుట్టి వచ్చిన పాత పేపర్లు చదివీ చదివీ రాయడం అలవాటైంది. కాబట్టి ఈ సినిమాల గురించి నాకూ కొన్ని అభిప్రాయాలున్నాయి, పెద్ద చదువులవాళ్ళు ఏమనుకున్నా సరే.

అక్కకు అన్నిటికంటే నచ్చింది ఒక డ్రైవర్ సినిమా. రెండు గ్రహాల మధ్య సామాను మోసే మనిషి కథ అది. అతని బండి పాతది, పక్కకంతా సొట్టలు, లోపల ఎప్పుడూ ఏదో ఒకటి కారుతూ ఉంటుంది, అయినా ముందు అద్దం మాత్రం రోజూ తుడుస్తాడు. దారిలో దొంగలు అడ్డం పడతారు. బండిని వదిలేసి పారిపోవచ్చు, కానీ పారిపోడు. ఎందుకంటే అతని ఇల్లు అదే. అంత దూరం పోయి వచ్చేసరికి ఇక్కడ ఏళ్ళకేళ్ళు గడిచిపోతుంటాయి. చిన్న తమ్ముడిని వదిలి పోయినవాడు తిరిగి వచ్చేసరికి తమ్ముడు ముసలివాడై గడపలో కూర్చుని ఉంటాడు. అక్క చేయి అక్కడ ఆగేది. ఎన్నిసార్లు చూసినా ఆగేది. ఆకు వేళ్ళ మధ్య సగం చుట్టి అట్లాగే ఉండిపోయేది.

"లారాయన గూడ గిట్లనే అద్దం తుడుస్తుండె" అనేది. లారాయన అంటే బావ. తర్వాత ఆ సినిమాలో మనిషికి కూడా మేము అదే పేరు పెట్టుకున్నాం.

నాకు నచ్చింది వేరేది. సముద్రాలన్నీ ఎండిపోయిన భూమి. ఇసుకలో ఒరిగిన ఒక పెద్ద ఓడలో ఒక్క ఆడమనిషి ఉంటుంది, మెకానిక్కు. ఆమెకు తోడు మట్టి తోడే ఒక పాత యంత్రం. మాట్లాడదు, ముఖం కూడా ఉండదు, ఒక చేయి మాత్రం ఉంటుంది. మిగిలిన నీళ్ళ కోసం ఎక్కడివాళ్ళో వచ్చి ఓడ మీద పడతారు. కొట్లాట గంటసేపు ఉంటుంది, బాగుంటుంది. చివరికి ఆ నీళ్ళు దక్కాలంటే ఓడ అడుగున ఒక ఇనుప తలుపును లోపలి నుంచి ఎవరో ఒకరు పట్టుకుని ఉండాలి, పట్టుకున్నవాళ్ళు ఇక బయటికి రాలేరు. యంత్రం లోపలికి పోతుంది. ఆమె బయట ఉండిపోతుంది. అక్కడి నుంచి ఒక పాట లేదు, మాట లేదు, చప్పుడే లేదు. ఆమె తలుపు మీద అరచేయి పెట్టి నిలబడుతుంది. చాలాసేపు. తర్వాత తలుపు కింది నుంచి నీళ్ళు సన్నగా పారి ఆమె పాదాలు తడుస్తాయి. నా చేయి అక్కడ ఆగేది. పక్కన చూస్తే అక్క చేయి కూడా ఆగి ఉండేది. ఇద్దరం ఒకరి చేయి ఒకరం చూసుకుని ఏమీ ఎరగనట్టు మళ్ళీ ఆకు తీసుకునేవాళ్ళం.

ఇట్లాంటివి ఎందుకు పాతబడవో నేను చాలా ఆలోచించాను. మొదటిది, వాటిలో వస్తువులకు బరువుంటుంది. బండి ఢీకొంటే సొట్ట పడుతుంది, ఆ సొట్ట సినిమా అయిపోయేదాకా ఉంటుంది. కొత్తగా వచ్చే వాటిలో ఒకడు ఇరవై అంతస్తుల మీద నుంచి పడి దుమ్ము దులుపుకుని లేస్తాడు. పడ్డా నొప్పి లేని మనిషి గురించి నాకెందుకు భయం? రెండోది, మొదట్లో ఒక మాట చెప్తే చివరిదాకా దాని మీద ఉంటారు. ఈ యంత్రం నీళ్ళలో బతకదు అని మొదట్లోనే చెప్పారనుకోండి, చివర్లో దాన్ని నీళ్ళలోకి పంపితే మన గుండె గుభేలుమనాలి. అక్కడ హఠాత్తుగా ఏదో బటన్ నొక్కి బతికించారంటే ఆ సినిమా ఒక్కసారికే. మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, కొట్లాట ఎందుకో తెలియాలి. తెలియకపోతే అది కోళ్ళ పందెం. అక్కకు అది కూడా ఇష్టమే అనుకోండి, కాసేపు.

ఒకసారి కోట్లు పోసి తీశారన్న కొత్త సినిమా ఒకటి వేశారు. నగరం మొత్తం యంత్రాలు, ఆకాశం నిండా మంటలు. మేము ముందు రోజే ఆకు కత్తిరించి పెట్టుకుని, అన్నం పదకొండింటికే వండుకుని ఎదురు చూశాం. సినిమా అయ్యేసరికి అక్క ఆ రోజు చేయాల్సిన బీడీలన్నీ చేసి పక్కన పెట్టింది.

"మంచి సినిమానే చెల్లె, పనైపోయింది" అంది.

ఇంకో సంగతి. వేరే గ్రహం చూపించినప్పుడల్లా నల్లటి బండలు, గుట్టలు చూపిస్తారు. అది చూసి అక్క ప్రతిసారీ, "గిది మన ఆర్మూర్ గుట్టనే గదనే, పైసలు ఖర్చు వెట్టి గంత దూరం ఎందుకు వోయిండ్రు?" అనేది. గ్రహాంతరవాసులు మాత్రం కోస్తా యాసలో మాట్లాడేవాళ్ళు. మా మాట మాట్లాడే రోబోను ఇంతవరకు ఎవరూ తయారు చేయలేదు.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను. రెండేళ్ళ కిందటి వానాకాలం చివర. ఆ ఎండిన సముద్రం సినిమా చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ వేస్తున్నారని ముందు రోజు టీవీలో చూపించారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే నవ్వుతారు. పొద్దున్నే ఇల్లు అలికాను, చాయ్ పెట్టి ఫ్లాస్కులో పోశాను. అక్క వచ్చి కూర్చుంది. ఈ మధ్య టీవీకి కొంచెం దగ్గరగా కూర్చుంటోంది, సౌండు పెంచమంటోంది. వయసు మీద పడి చెవి మందగించిందనుకున్నాను. సినిమా మొదలైంది. మధ్యలో అక్క మామూలుగానే నవ్వింది, తిట్టింది. చివరికి ఇనుప తలుపు వచ్చింది. చప్పుడు ఆగిపోయింది. ఆమె తలుపు మీద చేయి పెట్టింది. నా చేయి ఆగింది. నేను పక్కకు చూశాను.

అక్క చేయి ఆగలేదు. ఆకు తీసింది, తంబాకు పోసింది, చుట్టింది, దారం కట్టింది. ఇంకో ఆకు తీసింది. అట్లా నాలుగు బీడీలు చేసింది. ఐదోది అందుకుంటూ, "అయిపోయిందానే?" అని అడిగింది.

నాకు ఎంత కోపం వచ్చిందో ఇప్పుడు చెప్పినా సిగ్గుగానే ఉంటుంది. ప్రపంచంలో ఆ చోటు తెలిసినవాళ్ళం ఇద్దరమే అనుకున్నాను. పెళ్ళైనప్పటి నుంచి నాకు మొగుడితో కూడా అట్లాంటి చోటు ఒకటి లేదు. ఆమె దాన్ని ఇంత తేలికగా దాటిపోయి, అయిపోయిందా అని అడిగింది. అంటే ఆమెకు ఇది విసుగొచ్చింది. అంటే ఇన్నేళ్ళు నా కోసం కూర్చుంది, ఇప్పుడు అదీ బరువైంది. నేను టీవీ కట్టేసి, "అయిపోయింది" అన్నాను. చేట తీసుకుని లోపలికి పోయాను.

నా అలక మా పుట్టింట్లో పేరు మోసింది. చిన్నప్పుడు ఒకసారి చెప్పుల కోసం పదకొండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. మర్నాటి నుంచి నేను వెనక వాకిట్లో కూర్చున్నాను. ఫోనులో సినిమాలు పెట్టుకుని చెవుల్లో వైర్లు పెట్టుకున్నాను. అక్క ముందు వరండాలో ఒక్కతే కూర్చునేది. ఎదురుపడితే, "తిన్నవా?" అని అడిగేది. "ఆఁ" అనేదాన్ని. బతుకమ్మకు రమ్మని అడగలేదు నేను. ఆమె కూడా మోకాళ్ళ నొప్పి అని రాలేదు. చూశావా, పంతం, అనుకున్నాను. తర్వాత పసుపు తవ్వే రోజులు వచ్చాయి. ఏటా ఇద్దరం కలిసి కూలికి పోయేవాళ్ళం. ఆ ఏడు నేను వేరే గుంపుతో పోయాను. అక్క అసలు పోనేలేదు. అది కూడా పంతమే అనుకున్నాను. నాకు కనబడిందంతా పంతమే. ఎదుటివాళ్ళలో మనకు మన గుణమే కనబడుతుందని పెద్దలు ఊరికే అనలేదు.

ఫోనులో చూస్తే ఏ సినిమా బాగుండలేదు. ఎంత గొప్ప కొట్లాటైనా సరే, ఆఖరి దెబ్బ పడగానే పక్కకు చూడడం అలవాటు కదా, చూస్తే అక్కడ అరటి చెట్టు ఉండేది. ఆ ఆరు నెలల్లో నా చేయి ఒక్కసారి కూడా ఆగలేదు. ఎండలు ముదిరేసరికి నా కోపం అరిగిపోయింది, ఒంటరితనం మాత్రం అరగలేదు. ఒక మధ్యాహ్నం లారాయన సినిమా వేస్తున్నారని చూసి, ఇక ఉండబట్టలేక ముందు గదిలో టీవీ పెట్టాను. కావాలనే సౌండు బాగా పెంచాను. నోటితో పిలవడానికి మాత్రం నాకు ఇంకా మనసు రాలేదు.

సినిమా అప్పటికే సగం దాటింది, పెట్టిన పది నిమిషాలకే టీవీలో బొమ్మ రెండుసార్లు కొట్టుకుని పోయింది. తెర నల్లబడింది. మాటలు మాత్రం వస్తున్నాయి. నా రాతే ఇంత అనుకుంటూ, మెకానిక్కును పిలవమని మా ఆయనకు ఫోన్ చేయడానికి వెనక వాకిట్లోకి పోయాను. లోపల సిగ్నల్ సరిగా రాదు. మా ఆయన ఫోన్ ఎత్తడానికి, మిల్లు చప్పుడులో నా మాట అతనికి అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. తిరిగి వచ్చేసరికి అక్క వచ్చి కూర్చుని ఉంది. ఒళ్ళో చేట. ముఖం టీవీ వైపు. నల్లటి తెర వైపు చూస్తూ నవ్వుతోంది.

నేను గడపలోనే నిలబడిపోయాను. తెర మీద ఏమీ లేదు, కిటికీ నీడ తప్ప. టీవీ లోపల ఎవడో దొంగను తిడుతున్నాడు. అక్క కూడా వాణ్ణి తిట్టింది. తర్వాత నా అడుగులు విని తల తిప్పింది.

"రా చెల్లె, కూసో. మంచి జాగల్నే వచ్చినవ్. లారాయన ఇగ ఇంటికొస్తడు."

ఆ మాటలో ఎంత సంతోషం ఉందంటే, ఆరు నెలల తర్వాత వచ్చిన మనిషిని ఒక్క మాట కూడా అనలేదు. నేను పోయి ఆమె ముందు కూర్చున్నాను. ఆమె కళ్ళ ముందు నా చేయి ఆడించినా చూపు కదల్లేదు. ఆమె చేతి వేళ్ళు ఎప్పటిలాగే చకచకా బీడీ చుడుతున్నాయి, ఒక్కటి కూడా వంకర లేదు.

"అక్కా, టీవీల బొమ్మ వస్తలేదు" అన్నాను.

అప్పుడు ఆమె చేయి ఆగింది. "ఎప్పటిసంది?" అని అడిగింది.

"నువ్వు రాకముందుకెల్లే. నీకు ఎప్పటిసంది కనవడుతలేదు?"

"వానకాలం సంది మసక మసకుండె. బయటి ఎలుగు తెలుస్తది, మనిషి నీడోలె తెలుస్తది. గా తెర మీది బొమ్మ తెల్వది. బీడీలకు కండ్లతోని ఏం పని తియ్యి" అంది. తర్వాత నా చేయి పట్టుకుంది. "బిడ్డకు చెప్పకే. చెప్తే పోచంపాడ్ తీస్కపోతది."

ఎవరికీ తెలియకపోవడంలో వింత లేదు. కార్ఖానాలో నాసి బీడీలు ఏరి పారేసే మనిషి కూడా ఆమెవి ఒక్కటీ పారేయలేదు. కానీ చెప్పక ఎట్లా ఉంటాను? బిడ్డకు ఫోన్ చేశాను. ముగ్గురం నిజామాబాద్‌లో కంటి దవాఖానకు పోయాం. డాక్టరమ్మ చాలాసేపు చూసింది. షుగర్ వల్ల కంటి వెనక పొర దెబ్బతిన్నదని, ఒక కన్ను పూర్తిగా పోయిందని, రెండోదానిలో ఉన్నది నిలబెట్టడానికి చూస్తామని చెప్పింది. ఫైలు మూస్తూ, "ఒక ఆరు నెలల ముందు తీసుకొస్తే వేరేలా ఉండేదమ్మా" అంది. ఆమె మామూలుగానే అంది. ఆరు నెలలు అన్న మాటకు నేను అలిగిన నెలలు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నాకు ఆ గదిలో తెలిసింది.

అక్క భయపడ్డట్టే బిడ్డ చేసింది. వారంలో అక్కను పోచంపాడ్ తీసుకుపోయింది. అల్లుడు డ్యామ్ గేట్ల దగ్గర పని చేస్తాడు, మంచి మనిషి, అక్కను బాగా చూసుకుంటారు. తన చేట మాత్రం అక్క ఇక్కడే వదిలేసిపోయింది, అక్కడ ఎవరూ బీడీలు చేయరు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం నేను పోచంపాడ్ బస్సెక్కుతున్నాను. వారంలో చూసిన సినిమా అక్కకు చెప్తాను. చెప్పడం మొదలుపెట్టాక నాకు ఒక సంగతి తెలిసింది. కొన్ని సినిమాలు నోటితో చెప్తే ఐదు నిమిషాల్లో అయిపోతాయి. ఎగిరాడు, పేలింది, కొట్టాడు, పేలింది. చెప్పేదానికే విసుగొస్తుంది. కొన్ని మాత్రం చెప్తూ పోతుంటే ఇంకా ఇంకా ఉంటాయి. అక్క కూడా ఎన్ని పేలాయో అడగదు. "అప్పుడు వాని మొఖం ఎట్లుండె?" అని అడుగుతుంది. "గా పిల్ల వెనుకకు తిరిగి చూసిందా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నలకు జవాబున్న సినిమాలే ఎన్నేళ్ళైనా నిలబడతాయి. జవాబు లేకపోతే నేనే కల్పించి చెప్తాను, అక్క వెంటనే పట్టేస్తుంది. "గది సినిమాల లేదు, నీ కడుపులకెల్లి వచ్చింది" అంటుంది.

పోయిన నెలలో ఒక ఆదివారం బిడ్డ మాకు చాయ్ ఇస్తూ, "ఒక్క వరండల ఉండుకుంట గూడ నీకు ఎట్ల తెల్వలేదు చిన్నమ్మా?" అంది. కోపంతో అన్నది కాదు. అడగాల్సిన మాటే. అక్క, "ఆమెకేం తెలుస్తదే, నేను చెప్తే గద" అని బిడ్డను కసిరి లోపలికి పంపింది.

అప్పుడిక దాచుకోలేకపోయాను. అంతా చెప్పాను. ఇనుప తలుపు దగ్గర నీ చేయి ఆగలేదు, నీకు విసుగొచ్చిందనుకున్న, అందుకే అలిగిన, చెవుల వైర్లు పెట్టుకున్నది నీ గొంతు వినొద్దనే, బతుకమ్మకు గూడ పిలవలే. చెప్తూ ఏడ్చాను. ఆమె కళ్ళు పోవడంలో నా చేయి కూడా ఉందని అన్నాను.

అక్క చివరిదాకా విన్నది. "నాకు తెల్సు" అంది. "నువ్వు అలిగినవని తెల్వదా? పద్నాలుగేండ్లు పక్కన కూసున్న. గాని నేను గూడ అలిగిన. ఏమైందక్కా అని ఒక్కసారి అడుగుతవేమో అని చూసిన."

"చెప్తే అయిపోతుండె గద అక్కా. అడగందే అమ్మైనా పెట్టదంటరు."

"కండ్లు కనవడుతలేవని చెప్తే ఉరికి వస్తుండె నువ్వు. జాలితోని వస్తుండె. నాకు గట్ల వద్దనిపించింది. సినిమా కోసం రావాలె, లేకుంటే నా కోసం రావాలె అనుకున్న."

నేను కళ్ళు తుడుచుకున్నాను. డ్యామ్ వైపు నుంచి చేపల బండి ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. అది పోయేదాకా ఆగి, "మరి ఇప్పుడు జాలితోని వస్తున్ననా?" అని అడిగాను.

"నాకెట్ల తెలుస్తదే?" అంది అక్క. "నీ మొఖం కనవడదాయె."

జవాబు నేనే చెప్పాలి. జాలి కాదక్కా, పెర్కిట్‌లో ఆ వరండాలో నేను ఒక్కదాన్ని కూర్చోలేకపోతున్నాను, ఏ సినిమా చూసినా ఆదివారం నీకు చెప్పడానికే చూస్తున్నాను, నువ్వు లేకపోతే నాతో మాట్లాడే మనిషి ఇంకొకరు లేరు అని చెప్పాలి. అంతా నోటిదాకా వచ్చింది. ఐదు గంటల బస్సుకు టైమైందని లేచాను.